తిరుమలగిరిలో దుమ్ము లెక్కపెట్టేవాళ్లు

నేను సికింద్రాబాద్ వెళ్లింది నా మాటే నిజమని ఎవరిచేతనైనా అనిపించుకుని రావడానికి. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం సులువు.

మాది మార్కాపురం వైపు, పలకల గనులున్న ఊరు. అక్కడి హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. పేరు పద్మావతి. మా బడి గోడకు అవతలే పలకలు కోసే షెడ్డు ఉంది. అందులో పాతికమంది దాకా ఆడవాళ్లు పనిచేస్తారు. రాయి కోస్తుంటే లేచే దుమ్ము బూడిదరంగు పిండిలా మెత్తగా ఉంటుంది. మా బెంచీల మీద, నోటుపుస్తకాల మీద, మధ్యాహ్నం అన్నం కంచాల మీద వాలుతుంది. రెండేళ్ల కిందట పదో తరగతి పిల్లలతో కలిసి గాలిలో దుమ్మును కొలిచే చిన్న పరికరం చేశాను. ఆన్‌లైన్లో తెప్పించిన సెన్సారు, బొటనవేలంత ఫ్యాను, అంకెలు కనిపించే తెర. అన్నీ కలిపి ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో అమర్చాం.

ఆ డబ్బా చూపించిన అంకెలతోనే షెడ్డు యజమాని రమణయ్యగారిని ఒప్పించి, రంపాల మీద నీటిధార పడేలా గొట్టాలు పెట్టించాను. తీరా గొట్టాలు పెట్టాక కొలిస్తే అంకె తగ్గడానికి బదులు పెరిగింది. వారంపాటు రోజూ కొలిచాం. రోజూ అదే తీరు. "నీళ్లు దుమ్మును అణచడం లేదండీ, ఇంకా లేపుతున్నాయి" అని నేనే చెప్పాను. ఆయన గొట్టాలు తీయించేశాడు. ఎనిమిది నెలలు గడిచాయి. ఆ మధ్య జిల్లా కేంద్రం నుంచి వచ్చిన ఒక ఇంజినీరు నా డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మంచు పడినా దుమ్మే అంటుంది మేడమ్. బొమ్మ" అన్నాడు, పిల్లల ముందే. అది నా మనసులో ముల్లులా దిగబడిపోయింది.

పేటెంట్ల వివరాలు కంప్యూటర్లో ఎవరైనా చూడొచ్చు. కనిపెట్టినవాళ్ల పేరు, ఊరు కూడా అందులో ఉంటాయి. వెతగ్గా వెతగ్గా తిరుమలగిరి, సికింద్రాబాద్ అన్న చిరునామాతో రెండు దొరికాయి. ఒకటి గాలిలో నలుసులను లెక్కపెట్టే పరికరానికి, రెండోది ఆ లెక్కను రేడియో మీద పంపే పద్ధతికి. మొదటిదాని మీద రెండు పేర్లున్నాయి: మేరీ, యాదగిరి. మేరీగారు ఎవరో విదేశాల్లో చదివిన డాక్టరమ్మ అయ్యుంటుందనుకుని, చాలా మర్యాదగా ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. పది రోజులకు ఫోను మోగింది.

"టీచరమ్మా, నేను యాదగిరిని. మీ ఉత్తరం అందింది. మీ డబ్బ వట్టుకొని రాండ్రి. వచ్చేటప్పుడు మీ రాయి సుత నాలుగు ముక్కలు తెండ్రి" అన్నాడు. "లాడ్జిల దిగకుండ్రి. మా మేరమ్మ ఇల్లు మారేడ్‌పల్లిల ఉంది. ఆడనే ఉందురు."

దసరా సెలవులు మొదలైన మర్నాడే రైలెక్కాను.

స్టేషన్లో టిఫిన్ డబ్బా

సికింద్రాబాద్ స్టేషన్ను కొత్తగా కడుతున్నారు. ఎటు చూసినా రేకుల అడ్డుగోడలు, క్రేన్లు. బయటికి పోయే దారి వెతుక్కుంటూ పార్శిల్ ఆఫీసు వరకూ వెళ్లి వెనక్కి వచ్చాను. ఈలోగా ఒక రైల్వే పోలీసు నా సంచీలోంచి తొంగిచూస్తున్న ఎర్రవైరును గమనించాడు.

"ఏందమ్మా గిది? టిఫిన్ డబ్బల వైర్లు ఎందుకున్నయ్?"

"గాలిలో దుమ్ము ఎంత ఉందో కొలిచేదండీ."

ఆయన ముఖంలో నమ్మకం కనిపించలేదు. "ఆన్ చేయుండ్రి, సూద్దాం" అన్నాడు. అక్కడే బల్ల మీద పెట్టి మీట నొక్కాను. ఫ్యాను గుయ్యిమంది. తెర మీద అంకె ఎక్కుతూ ఎక్కుతూ పోయింది. మా చుట్టూ చిన్న గుంపు పోగైంది. ఒకాయన తన బ్యాగు దించుకుని మరీ చూస్తున్నాడు.

"ఎక్కువుందా?" అన్నాడు పోలీసు.

"చాలా ఎక్కువండీ."

"గింత కట్టుడు నడుస్తుంటే దుమ్ము గాక అత్తరొస్తదా!" అని ఆయనే నవ్వేశాడు. ఆ తర్వాత ఎంత దయగా మారిపోయాడంటే, నన్ను ఆటోల దగ్గర దాకా నడిపించి, "అమ్మ బయటూరు నుంచొచ్చింది, తక్లీఫ్ ఇయ్యకు" అని డ్రైవరుకు చెప్పి మరీ వెళ్లాడు.

పొరపాటు మాత్రం నాదే. మారేడ్‌పల్లి అన్నాను గానీ, అందులో తూర్పు ఒకటి, పడమర ఒకటి ఉంటాయని నాకు తెలియదు. తూర్పు మారేడ్‌పల్లిలో అరగంట తిరిగాక మేరీగారికి ఫోను చేస్తే సంగతి బయటపడింది. డ్రైవరు విసుక్కోలేదు. "గిట్ల రోజుకొకరన్న ఐతరమ్మా" అంటూ బండి తిప్పాడు. తిరిగినదానికి ఇంకో పాతిక అడిగి తీసుకున్నాడు. మా ఊళ్లో అయితే ఆ పాతికకు బజారంతా చుట్టిరావచ్చు.

మారేడ్‌పల్లిలో డాక్టరమ్మ

గేటు తీసినావిడకు యాభై అయిదేళ్లుంటాయి. కళ్లజోడుకు నల్లతాడు, కుడిచేతి వేళ్ల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు. "డాక్టర్ మేరీగారున్నారా?" అని అడిగాను.

ఆవిడ నవ్వాపుకోలేక గేటు పట్టుకుంది. "డాక్టరా! నేనే అక్కా మేరీని. నాది టెన్త్ క్లాస్. వర్క్‌షాపులో సోల్డరింగ్ చేస్తాను."

అంటే సన్నటి తీగలను సర్క్యూట్ల మీద సీసంతో అతికే పని. ముప్పై ఏళ్లుగా చేస్తోందట. వాళ్ల తాతగారు గుంటూరు వైపు నుంచి మిషన్ బడిలో పాఠాలు చెప్పడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆవిడ మాటలో ఆ వైపు మర్యాదా ఉంది, ఈ ఊరి ఉర్దూ ఉంది. భర్త రైల్వేలో పనిచేస్తాడు. ఆ వారం డ్యూటీ మీద కాజీపేట వెళ్లాడు.

"జర కూర్చోండి అక్కా, గరం గరం తిందాం" అంటూ పుంటికూర పప్పు, పచ్చిపులుసు వడ్డించింది. పుంటికూర అంటే ఏదో కొత్త కూర అనుకుని ముద్ద నోట్లో పెడితే అది మన గోంగూరే. పచ్చిపులుసు మాత్రం నాకు నిజంగా కొత్త. మేం చారును పొయ్యి మీద మరిగించనిదే ముట్టం. వీళ్లు చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి, తాలింపు వేసి, కాచకుండానే పోసుకుంటారు. మూడుసార్లు పోయించుకున్నాను.

తినేముందు ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. తిండికి కృతజ్ఞత చెప్పి, నా ప్రయాణం గురించి చెప్పి, చివర్లో "ఈ అక్క తెచ్చిన డబ్బా గురించి కూడా ప్రభువా, అది నిజం చెప్పేలాగ చేయి" అంది. నేను దేవుణ్ణి ఇన్నేళ్లలో ఎన్నో అడిగాను గానీ, ఒక సెన్సారు కోసం ఎవరైనా మొక్కగా వినడం అదే మొదలు.

రేకుల షెడ్డు

మర్నాడు వర్క్‌షాపుకు వెళ్తూ చూసిన తిరుమలగిరి రోడ్లు నాకు ముచ్చటేశాయి. మిలిటరీ వాళ్లుండే చోటు కదా, చెట్ల మొదళ్లకు సున్నం, రోడ్డు అంచున వరసగా తెల్లరాళ్లు. ఆ శుభ్రమంతా దాటి ఒక సందులోకి తిరిగితే యాదగిరిగారి వర్క్‌షాపు వచ్చింది. రేకుల కప్పు, నాలుగు బల్లలు, నలుగురు మనుషులు. ఇంతేనా అనిపించింది. రెండు పేటెంట్లంటే నేను అద్దాల మేడ ఊహించుకున్నాను.

ఆయనకు డెబ్బై దగ్గర పడ్డాయి. సన్నటి మనిషి. చొక్కా జేబులో పెన్నుకు బదులు స్క్రూడ్రైవరు. కుర్రతనం నుంచి రేడియోలు బాగుచేశాడు. రేడియోలు పోయాక, పిండిమిల్లులకీ మందుల ఫ్యాక్టరీలకీ కొలత పరికరాలు చేయడం నేర్చుకున్నాడు.

గోడ మీద రెండు పేటెంటు పత్రాలు ఫ్రేము కట్టి ఉన్నాయి. మొదటిదాంట్లో మేరీ పేరే ముందుంది. నా చూపు గమనించి ఆయనే చెప్పాడు.

"కాగితాలు రాసెటాయన అడిగిండు, ఈమె ఏం చదివిందని. పదోది అన్న. మరి పేరు ఎట్ల వెడ్తమన్నడు. కనిపెట్టింది ఎవరో రాయమన్నరు గదా సార్, చదువెంతో రాయమనలే గదా అన్న. రాసిండు."

"ఏం కనిపెట్టారు మేరీగారు?"

"అది రేపు చెప్త. ముందు మీ డబ్బ సంగతి సూద్దాం."

ఆయన పరికరం నా డబ్బా కన్నా పెద్దదేమీ కాదు. పనిచేసే తీరూ అదే. తలుపు సందులోంచి ఎండ పడినప్పుడు గాలిలో తేలే నలుసులు మెరుస్తాయి కదా, అలాగే ఇందులో ఒక సన్నటి వెలుగు గీత ఉంటుంది. గాలి దాన్ని దాటేటప్పుడు ఒక్కో నలుసు ఒక్కో మెరుపు మెరుస్తుంది. ఆ మెరుపులను లెక్కపెట్టడమే పని.

పరీక్షకు వాళ్లు వాడేది పాత చేపల గాజుతొట్టి. మీద మూత, పక్కన చేతులు దూర్చడానికి రబ్బరు తొడుగులు. నా డబ్బానూ ఆయన పరికరాన్నీ పక్కపక్కన అందులో పెట్టారు. మేరీగారు తొడుగుల్లో చేతులు దూర్చి, నేను తెచ్చిన పలకను చిన్న కరెంటు రంపంతో కోసింది. తొట్టంతా బూడిదరంగు కమ్మింది. రెండు తెరల మీదా అంకెలు పరుగెత్తాయి. ఆగాక చూస్తే రెండింటికీ తేడా చాలా తక్కువ.

"మస్తుగ చేసిండ్రు టీచరమ్మా!" అన్నాడు యాదగిరిగారు. ఊరికే పొగిడే మనిషిలా లేడు. డబ్బా మూత తీసి, ఫ్యానును మేం ఏ వాటాన పెట్టామో చూసి, "పిల్లలు చేసిండ్రా ఇది? అరె వా" అని మిగతావాళ్లను పిలిచి చూపించాడు. నాకు గాలిలో తేలినట్టయింది. ఆ ఇంజినీరు అక్కడుంటే బాగుండుననిపించింది.

"మరైతే ఒక కాగితం మీద రాసిస్తారా, ఇది సరిగ్గానే కొలుస్తుందని?"

ఆయన స్క్రూడ్రైవరుతో చెవి వెనక గోక్కున్నాడు. "ఇయ్యాల పొడిగాలిల సూసినం. మీ తాన నీళ్లు వెట్టినంకనే గదా గడ్‌బడైంది. రేపు తడిల సూద్దాం. తొందరవడి ఆగమైతె ఎట్ల?"

మోండా మార్కెట్

ఆ సాయంత్రం మేరీగారితో మోండా మార్కెట్‌కు వెళ్లాను. యాదగిరిగారు కూడా తమ ఇంట్లో బతుకమ్మకు పువ్వులు కొనాలని వచ్చాడు. మాకు దసరా అంటే అమ్మవారి అలంకారాలు, బొమ్మల కొలువు. ఇక్కడ పువ్వులే అమ్మవారు. తంగేడు, గునుగు, బంతి గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. గునుగును మా పొలాల్లో కలుపు అని పీకి పారేస్తాం. ఇక్కడ కట్ట ముప్పై రూపాయలు. నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది.

రెండో పేటెంటు ఇక్కడే పుట్టిందని యాదగిరిగారు చెప్పాడు. కొలిచిన అంకెను దూరానికి పంపడం పెద్ద పని. ప్రతి నిమిషం పంపితే బ్యాటరీ రెండు రోజుల్లో అయిపోతుంది. అప్పుడప్పుడూ పంపితే మధ్యలో ఏం జరిగిందో తెలియదు. దాంతో ఏడాదిపాటు కుస్తీ పట్టాడట.

"గా పూలామెను సూడుండ్రి" అన్నాడు. ఒక ముసలామె కాళ్లు చాపుకుని, నోరు మూసుకుని కూర్చుంది. చుట్టూ అంత గోలలో ఆమె ఒక్కతే అరవడం లేదు. "రేటు మారిందనుకో, అప్పుడు ఒర్లుతది. అదే రేటున్నంతసేపు గమ్మునుంటది. పక్కామె ఆ రేటు విని, ఆమె పక్కామెకు చెప్తది. నేను కూరగాయలకొచ్చి ఈడ నిలవడి సూసిన. అరె, నా మిషన్ సుత గట్లనే ఉండాలె గదా అనుకున్న."

ఆయన పరికరం అలాగే చేస్తుంది. అంకె మారనంతసేపు మాట్లాడదు. మారితే ఒక్క ముక్కలో పక్కదానికి చెబుతుంది, అది దాని పక్కదానికి. చెప్పేటప్పుడు అంతకు ముందు చెప్పిన రెండు అంకెలనూ కలిపి చెబుతుంది. మధ్యలో ఏదైనా మాట తప్పిపోయినా తర్వాతి మాటతో సరిపోతుంది. ఒక్క బ్యాటరీతో నెలలు గడుస్తాయి. మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు.

మేం నిలబడి ఉండగానే ఆ ముసలామె లేచి, "ఇరవై! ఇరవైకే కట్ట!" అని గట్టిగా అరిచింది. పక్క దుకాణం ఆమె అందుకుంది, ఆ తర్వాత ఇంకొకామె. వరస చివరిదాకా ఇరవై పాకిపోయింది. ముప్పైకి కొన్న యాదగిరిగారు తన కట్ట వైపు చూసుకుని నవ్వాడు. సమోసాలు, చాయ్ ఆయనే ఇప్పించాడు. ఇన్నేళ్లు సైన్సు చెప్పాను. కళ్లెదుటి బజారును అలా చూడడం నాకెన్నడూ రాలేదు.

తడి పరీక్ష

మూడో రోజు పొద్దున గాజుతొట్టిలో రంపం మీద సన్నటి నీటిధార పడేలా గొట్టం అమర్చారు, అచ్చంగా మా షెడ్డులో పెట్టినట్టే. మేరీగారు మళ్లీ పలక కోసింది.

ఈసారి తొట్టిలో బూడిదరంగు కమ్మలేదు. తెల్లటి తుంపర లేచింది. కోసిన పొడి నీళ్లతో కలిసి అడుగున బురదలా జారింది. కళ్లతోనే కనిపిస్తోంది. నా డబ్బా తెర వైపు చూశాను. నిన్నటికన్నా ఎక్కువ చూపిస్తోంది. ఆయన పరికరం చూపిస్తున్నది నిన్నటిలో పదోవంతు కూడా లేదు.

"ఇంకోసారి చేద్దాం" అన్నాను. చేశారు. అదే వచ్చింది. "డబ్బాలు చోట్లు మార్చి చూద్దాం" అన్నాను. విసుక్కోకుండా మార్చారు. మళ్లీ అదే. చివరికి యాదగిరిగారు పలకా రంపమూ తీసేసి, తొట్టిని కడిగి, పిల్లలకు మందు ఆవిరి పట్టే మిషన్లో ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి లోపల పెట్టాడు. దుమ్ము నలుసు ఒక్కటి లేదు, ఒట్టి నీటి తుంపర. నా డబ్బా అంకె ఆకాశానికెక్కింది.

"నీటిచుక్క సుత మెరుస్తదమ్మా" అన్నాడాయన మెల్లగా. "మిషన్‌కు ఏది రాయో ఏది నీళ్లో తెల్వది."

స్టూలు మీద కూలబడ్డాను. ఆ ఇంజినీరు చెప్పింది నిజమన్న బాధ కాదు. అదైతే మింగేయగలను. నీళ్లు పనిచేశాయి. పనిచేస్తున్న నీళ్లను నేను ఆపించాను. ఎనిమిది నెలలుగా ఆ ఆడవాళ్లు పొడిరాయి కోస్తున్నారు, నా మాట మీద.

అక్కడినుంచే రమణయ్యగారికి ఫోను చేశాను.

"నీళ్లు మళ్లీ వదలండి. నేను తప్పు చెప్పాను."

"అదేంది టీచరుగారూ, మీరేగా ఆపమంది! గొట్టాలన్నీ విప్పి అటక మీద పడేశాం. మీరు రండి, వచ్చినాక చూద్దాంలే."

"నేను వచ్చేదాకా ఆగొద్దండీ. ఈ పూటే పెట్టించండి. ఒకసారి రోశమ్మకు ఫోనివ్వండి."

రోశమ్మ షెడ్డులో అందరికన్నా పాత మనిషి, రంపాల దగ్గర పెద్ద దిక్కు. ఆమెకు జరిగిందంతా చెప్పాను. రంపాల చప్పుడులో గొంతు పెంచి అంది:

"మాకు తెలుస్తానే ఉండిందమ్మా. నీళ్లు పడిన వారం రోజులూ గొంతులో గరగర ల్యాకుండా ఉండింది. మీ మిషను ఎక్కువ చూపిస్తాందంటే, చదువుకున్నామె చెబుతాంది, మాదే భ్రమేమోలే అనుకున్యాం."

"నాకెందుకు చెప్పలేదు రోశమ్మా?"

"మీరు అడగలా కదమ్మా."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. ఫోను పెట్టేశాక మేరీగారు చాయ్ తెచ్చి పక్కన పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

అన్నం ఉడికితే

అప్పుడు చెప్పాడు యాదగిరిగారు, మేరీగారు కనిపెట్టినదేమిటో.

"ఇదే తప్పు నేను ఆర్నెల్లు చేసిన. పగటీలి అంకె ఉన్నట్టుండి లేస్తుండె. అద్దం ఖరాబైందనుకొని, అద్దం తుడుస్తనే కూసున్న. కొత్త అద్దం తెప్పించిన. మళ్ల తుడిచిన. ఒకరోజు ఈమె అన్నది..."

"అన్నం ఉడికితే దుమ్ము లేస్తుందా సార్, అన్నాను" అంది మేరీగారు. "ఆ మూలన మేం మధ్యాహ్నం కుక్కర్ పెట్టుకుంటాం అక్కా. విజిల్ వచ్చినప్పుడల్లా నంబరు ఎక్కుతోంది. నాలుగు రోజులు చూసి చెప్పాను."

"నేను నవ్విన" అన్నాడాయన. "నవ్వి, మళ్ల పోయి కుక్కర్ ముందర కూసున్న."

మేరీగారు అక్కడితో ఆగలేదు. సన్నటి రాగిగొట్టాన్ని తన సోల్డరింగ్ ఐరన్ వేడికి దగ్గరగా చుట్టి, అందులోంచి గాలిని లోపలికి పంపి చూసింది. వేడికి నీటిచుక్క ఆవిరైపోయి, రాతి నలుసు ఒక్కటే మిగిలింది. అంకె దిగింది. ఆ తర్వాత రెండేళ్లు ఇద్దరూ దాన్ని మెరుగుపెట్టారు. గాలిలో ఎంత తడి ఉంటే అంతే వేడి అందేలా, అంతకు మించి పోకుండా చేయడమే వాళ్ల పేటెంటులోని అసలు సంగతి.

నాకు ఒక్కటే తోచింది. ఆయన కూడా నాలాగే పొరబడ్డాడు. కానీ పక్కబల్ల దగ్గర కూర్చున్న మనిషి ఒక మాట అంటే, నవ్విన తర్వాతైనా వెళ్లి కుక్కర్ ముందు కూర్చున్నాడు.

"పరేషాన్ అయితే పని గాదు టీచరమ్మా. షురూ చేద్దాం" అన్నాడు.

"ఏమిటండీ?"

"మీ డబ్బకు వేడిగొట్టం."

"అది మీ పేటెంటు కదండీ."

"బడిపిల్లలకు పాఠం చెప్పెతందుకు, ప్రయోగం చేసెతందుకు ఎవ్వరన్న చేసుకోవచ్చు. కానూన్లనే ఉంది. చేసి అమ్ముకుంటేనే నేను అడుగుత" అని నవ్వాడు.

మేరీగారు నాకు సోల్డరింగ్ నేర్పింది. మొదటి అతుకు ఊడిపోయింది. రెండోది పెడుతూ చూపుడువేలు కాల్చుకున్నాను. "ఇప్పుడు మీరూ మావాళ్లే అక్కా" అంటూ పంపు కింద పట్టించింది. సాయంత్రమయ్యేసరికి నా డబ్బాకు రాగిగొట్టం అమిరింది. మళ్లీ తడి రంపం పెట్టి పలక కోశారు. నా తెర మీద అంకె దిగుతూ దిగుతూ వచ్చి యాదగిరిగారి అంకె పక్కన ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కళ్లనీళ్లొచ్చాయి.

బయల్దేరేటప్పుడు ఆయన డబ్బా అంకెను దూరానికి పంపే ఒక రేడియో జత, దానితో పాటు గోడకు తగిలించే పెద్ద ఎర్ర అంకెల తెర ఇచ్చాడు. వాడి చూసి, ఎలా పనిచేస్తున్నాయో రాసి పంపమన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. "అంకె మీ బడిల కాదు, సేటు ఆఫీసుల కాదు. కోసెటోళ్ల కండ్ల ముందర ఉండాలె."

నేను రాసిమ్మన్న కాగితం సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మా ఊళ్లో

రమణయ్యగారు రెండు రంపాలకే గొట్టాలు బిగించి ఆపేశాడు. మిగతావి నేను దిగిన మర్నాడు, ఎదురుగా నిలబడితేనే బిగించారు. ఆ మధ్యాహ్నం అన్నాల వేళ ఆడవాళ్లందరూ కూర్చున్నప్పుడు నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ తిట్టలేదు. ఒకామె మాత్రం "ఎనిమిది నెలలా" అని, కంచంలోకి చూస్తూ ఉండిపోయింది.

డబ్బాను రంపాల పైన వాసానికి కట్టి, ఎర్ర అంకెల తెరను షెడ్డు దూలానికి వేలాడదీశాం. దాని కింద మేకుకు ఒక నోటుపుస్తకం కట్టాను. రోజూ పని దిగేటప్పుడు అందులో రెండు సంగతులు రాస్తాం. ఒకటి మిషను చూపించిన అంకె, రెండోది గొంతు ఎలా ఉందని రోశమ్మ చెప్పిన మాట. అంకెకు ముందే రోశమ్మ మాట రాయాలని నియమం పెట్టుకున్నాను.

పది రోజులు రెండూ కలిసే నడిచాయి. పదకొండో రోజు అంకె ఎన్నడూ లేనంత తక్కువగా ఉంది. రమణయ్యగారు సంబరంగా చూపించాడు. రోశమ్మ మాత్రం "మండుతాంది. గొంతు మండుతాంది, పొద్దున్నించీ" అంది.

వెంటనే నిచ్చెన వేయించి డబ్బా దించాను. రాగిగొట్టం మూతి దగ్గర పలకపొడి తడిసి, గట్టిపడి, బిరడాలా బిగుసుకుపోయింది. గాలి లోపలికి పోవడం లేదు, కాబట్టి దుమ్మూ లేదంటోంది. పుల్లతో పొడిచి, ఊది, మళ్లీ పైన పెట్టాను. అంకె కదిలింది. ఎక్కింది. ఇంకా ఎక్కింది. అందరూ తలెత్తి చూస్తున్నారు. అప్పుడు గమనించాం, చివరి రంపం గొట్టం ఊడి నీళ్లన్నీ పక్కకు పోతున్నాయి.

"ఆ, ఇప్పుడు సరింగా చెబుతాంది" అంది రోశమ్మ. చీర కుచ్చిళ్లు ఎగ్గట్టుకుని, రంపం ఆపించి, గొట్టం బిగించడానికి తనే వెళ్లింది.